బిగుసుకుపోయిన వేళ్ళకు అందే జపమాల: ఇంట్లోనే గుచ్చుకోవాలంటే ఏ పూసలు, ఏ దారం?

హొరమావు కోడలు (హొరమావు, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారిది ఒంగోలు దగ్గర పల్లె. మామయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఊళ్ళో ఉన్నప్పుడు తెల్లారకముందే లేచి కళ్ళాపి, ముగ్గు, తులసికోట, గోడ అవతల పిన్నిగారితో నాలుగు మాటలు. ఇక్కడ తొమ్మిదో అంతస్తు. రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

ఆవిడ దగ్గర పాత తులసి మాల ఒకటుంది. చాలా సన్న పూసలు. కీళ్ళవాతంతో వేళ్ళు వంగడం లేదు, ఒక్క పూస జరపబోతే మూడు జారిపోతాయి. లెక్క తప్పిందని మళ్ళీ మొదటికొస్తారు. కాసేపటికి మాల పక్కన పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. కొత్తది కొనిస్తానంటే ఒప్పుకోలేదు. "నా మాల నేనే గుచ్చుకుంటానమ్మా, మూరలకు మూరలు మల్లెపూలు కట్టిన చేతులివి" అన్నారు.

ఆ మాట అన్నప్పటినుంచి ఆవిడ ముఖంలో కొంచెం తేటదనం కనబడుతోంది, అందుకే ఎలాగైనా ఇది జరగాలని నా ఆశ. ఎంత లావు పూసలు తీసుకోవాలి? ఏ దారం? ఇంట్లో గుచ్చుకున్న మాల జపానికి పనికొస్తుందా? బెంగళూరులో సామాను ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పూసలపెట్టె (బసవనగుడి)

అమ్మా, ముందుగా ఒక మాట. మాల మీరు గుచ్చి ఆవిడ చేతికివ్వకండి. ఎంత ఆలస్యమైనా ఆవిడనే గుచ్చనివ్వండి. చాలా ఇళ్ళలో చూశాను, పెద్దవాళ్ళు తడబడుతుంటే మనం ఓపిక పట్టలేక చేతిలోంచి లాక్కుని చేసేస్తాం. ఈ పనిలో అలా చేస్తే ఉన్న మేలంతా పోతుంది.

సైజు విషయం. బజారులో మాలలు ఎక్కువగా 6, 8 మిల్లీమీటర్ల పూసలతో వస్తాయి. ఆవిడకు 10 తీసుకోండి, వేళ్ళు మరీ బిగుసుకుంటే 12. అయితే 10 మిల్లీమీటర్ల పూసలు 108 గుచ్చితే, నడుమ ముళ్ళతో కలిపి మాల చుట్టుకొలత 130 సెంటీమీటర్లు దాటుతుంది. ఒళ్ళో పడి చిక్కుపడుతుంది. 54 పూసల మాల చేసుకోమనండి, రెండు చుట్లు తిప్పితే 108 అవుతుంది. అది 65 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. 27 పూసలది కూడా ఉంది కానీ నాలుగు చుట్ల లెక్క గుర్తుపెట్టుకోవాలి, నిద్ర తక్కువైన మనిషికి అది భారం.

ప్రతి రెండు పూసల మధ్యా ముడి వేయాల్సిందే. మూడు పూసలు ఒకేసారి జారడానికి కారణం ఆ పాత మాలలో ముళ్ళు లేకపోవడమో, అరిగిపోవడమో అయ్యుంటుంది. ముడి ఉంటే పూసకూ పూసకూ నడుమ చోటు ఏర్పడి వేలు అక్కడ ఆగుతుంది. దారం తెగినా పూసలన్నీ చెల్లాచెదురు కావు.

దారం మూడు రకాలు. నూలు దారం చేతికి హాయిగా ఉంటుంది, ముడి గట్టిగా నిలుస్తుంది, కానీ చెమట పీల్చి నల్లబడుతుంది. నైలాన్ ఏళ్ళ తరబడి ఉంటుంది కానీ నున్నగా ఉండి ముడి జారుతుంది, కొస కాల్చి అతికించాలి. పట్టుదారం నా ఇష్టం. చిక్‌పేటలో మగ్గం వర్కు వాళ్ళు కొనే దుకాణాల్లో దొరుకుతుంది, కాస్త లావుగా పేనినది అడగండి. ఒకసారి తేనెమైనం మీద లాగి వాడితే పీచు లేవదు. 54 పూసలకు రెండు మీటర్లు కత్తిరించుకోండి, మిగిలింది కుచ్చుకు వస్తుంది.

ఇక పూసలు. స్ఫటికం వద్దు. అందంగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, కానీ బరువు. 10 మిల్లీమీటర్ల స్ఫటికాలు 108 కలిపితే 150 గ్రాములవుతాయి, పైగా నున్నన. కర్ర పూసలైతే అందులో పావు వంతు బరువు కూడా ఉండవు. రుద్రాక్ష మంచిదే, గరుకు వల్ల వేలికి పట్టు దొరుకుతుంది. ఆవిడ ఇన్నాళ్ళూ తులసి పట్టుకున్నారు కాబట్టి ముందు ఆవిడనే అడగండి.

మల్లేశ్వరం తాతయ్య (మల్లేశ్వరం)

అమ్మాయీ, ఇంట్లో గుచ్చుకున్న మాల నిస్సందేహంగా పనికొస్తుంది. అక్షమాలికోపనిషత్తు అని ఋగ్వేదానికి చెందినదిగా చెప్పే ఒక చిన్న ఉపనిషత్తు ఉంది. అందులో ప్రజాపతి గుహుణ్ణి, అంటే సుబ్రహ్మణ్యస్వామిని, జపమాల లక్షణాలు అడుగుతాడు. మాల దేనితో చేయాలి, దారం ఎలా ఉండాలి, ఎలా కూర్చాలి, ఎలా శుద్ధి చేయాలి, అన్నీ వరసగా ఉన్నాయి. అకారం మొదలు క్షకారం దాకా ఒక్కో అక్షరాన్ని ఒక్కో పూసలో ఆవాహన చేయమంటుంది.

కూర్చే పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. ముఖానికి ముఖం, పుచ్ఛానికి పుచ్ఛం, అంటే తోకకు తోక, కలిసేలా గుచ్చమంటుంది. రుద్రాక్షను పరీక్షగా చూస్తే రెండు కొసలూ ఒకలా ఉండవు. ఒకదాని కొస ఇంకోదాని కొసకు ఎదురుగా వచ్చేలా ముందే పళ్ళెంలో పేర్చుకుంటే గుచ్చేటప్పుడు తడుముకోనక్కర్లేదు. తులసి, కర్ర పూసలకు ఆ తేడా కనబడదు, గుండ్రటివాటికి పట్టింపు లేదు.

మాల రెండు కొసలూ కలిసేచోట ఉండే మేరుపూస లెక్కలోకి రాదు. అక్కడిదాకా వచ్చాక దాటకూడదు, మాల వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. మధ్యవేలి మీద పూస ఆనించి బొటనవేలితో తన వైపుకు జరుపుకోవాలి. చూపుడువేలు తగలనివ్వరు.

శుద్ధికి ఉపనిషత్తు పంచగవ్యం, గంధోదకం చెప్పింది. అపార్ట్‌మెంట్లో అంత కుదరకపోతే మంచినీళ్ళతో కడిగి, గంధం అద్ది, దేవుడి ముందు పెట్టి, తనకు ఉపదేశమైన మంత్రమో, రోజూ అనుకునే నామమో చెప్పుకుంటే చాలు. "శక్తి నింపిన మాల" అని వేలకు వేలు అడిగేవాళ్ళ జోలికి వెళ్ళకండి.

ఫిజియో అక్క (కె.ఆర్. పురం)

నేను ఫిజియోథెరపిస్టుని. పూసలకన్నా ముందు వేళ్ళ గురించి అడుగుతాను. పొద్దున లేచాక బిగుతు ఎంతసేపుంటుంది? అరగంట, గంట దాటి ఉంటే, కణుపులు ఉబ్బి వెచ్చగా ఉంటే, రుమటాలజిస్టుకు, అంటే కీళ్ళవాతం డాక్టరుకు, చూపించండి. దానికి మందులున్నాయి, ఆలస్యం చేస్తే కీలు వంకర పోతుంది. వయసుతో వచ్చిన అరుగుదలైతే దారి వేరు.

గుచ్చే పని చేతులకు మంచిదే, మితంగా చేస్తే. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు కాసేపు ఉంచి మొదలుపెట్టమనండి. పావుగంట, ఇరవై నిమిషాలకు ఆపి వేళ్ళు చాపాలి. నొప్పి పెరిగి మర్నాటిదాకా ఉంటే ముందు రోజు ఎక్కువైందని అర్థం. టేబుల్ మీద మందపాటి తువ్వాలు పరచండి, పూసలు దొర్లిపోవు. పెద్ద కన్ను సూది కొనండి, లేదా దారం కొసకు గోళ్ళరంగు పూసి ఆరనివ్వండి, గట్టిపడి అదే సూదిలా పనిచేస్తుంది.

పూస ఎక్కించడం ఆవిడ చేయవచ్చు. ముడిని పూస దగ్గరికి నెట్టడమే వేళ్ళకు కష్టం. వదులుగా ముడి వేసి, అందులోకి పెద్ద సూది దూర్చి, ఆ సూదితోనే ముడిని పూసకు ఆనేదాకా జరిపి, సూది లాగేస్తే ముడి బిగుస్తుంది. సూది ఆవిడ పట్టుకుంటే దారం మీరు పట్టుకోండి.

ప్రశ్నార్థకం (వైట్‌ఫీల్డ్)

అందరూ ఆదరంగా చెబుతున్నారు, సంతోషం. అయినా ఒకటి అడగాలి. "మాలతో స్వస్థత" అని బయట వినబడే మాటంటే నాకు భయం. మా దగ్గరి బంధువు ఒకాయనకు ఒక దుకాణంలో రుద్రాక్ష అమ్ముతూ, రాత్రి నీళ్ళలో వేసి పొద్దున ఆ నీళ్ళు తాగితే బీపీ తగ్గుతుందని చెప్పారు. ఆయన మాత్రలు మానేశాడు. ఆ తర్వాత ఆసుపత్రి పాలయ్యాడు, మాట ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అందుకే అడుగుతున్నాను. ఈ మాలల వల్ల ఆరోగ్యానికి మేలుందని ఎవరైనా సరిగ్గా పరీక్షించారా? లేకపోతే అలా చెప్పడం ఆపాలి.

ఫిజియో అక్క

మీ బంధువుగారి సంగతి చదివి చాలా బాధేసింది. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాల్సిందే.

నాకు తెలిసిన గట్టి పరీక్ష ఒకటి 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం ఆరోగ్యంగా ఉన్న 23 మంది వయోజనుల చేత ఒకసారి లాటిన్‌లో "ఆవే మరియా", మరోసారి "ఓం మణి పద్మే హుం" చెప్పించి ఊపిరి, గుండె లయ కొలిచింది. రెండింటిలోనూ ఊపిరి దాదాపు నిమిషానికి 6 సార్లకు తగ్గింది. గుండె, రక్తపోటుల లయ ఆ ఊపిరితో కలిసి నడిచింది. రక్తపోటును సరిచేసుకునే ప్రతిస్పందన మెరుగైంది. ఇక్కడ పనిచేసింది నిదానంగా ఒకే లయలో చెప్పడం. పూస రుద్రాక్షా, తులసా, ప్లాస్టిక్కా అని వాళ్ళు పరీక్షించలేదు. రోగం నయమైందనీ ఎక్కడా అనలేదు.

కాబట్టి నేను చెప్పగలిగింది ఇంతే. లయగా జపం చేస్తే ఊపిరి నెమ్మదిస్తుంది, నిద్రకు ముందు అది సాయం చేయవచ్చు. మందులు మందులే. రుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు ఔషధమని ఎవరన్నా నమ్మకండి.

మల్లేశ్వరం తాతయ్య

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో నాకు అభ్యంతరం ఏమీ లేదు. జపం మూడు విధాలు: పైకి వినబడేలా చెప్పే వాచికం, పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువు, మనసులోనే సాగే మానసం. శాస్త్రవిధి ప్రకారం చేసే యజ్ఞం కన్నా జపం పది రెట్లు, ఉపాంశువు నూరు రెట్లు, మానసం వెయ్యి రెట్లు గొప్పదని మనుస్మృతి అంటుంది. మానసానికి మాల కూడా అక్కర్లేదు. మాల చేతికి ఆసరా. ఆ ఆసరా కావలసిన మనిషికి అది ఉండాలి, అంతవరకే.

కడప బిడ్డ (శివాజీనగర్)

నేను ముస్లింని, మాది కడప. చదువుతా ఉంటే మా దాదీ, అంటే నాయనమ్మ, గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోయినా.

మా జపమాలను తస్బీహ్ అంటాం, అందులో 99 పూసలుంటాయి, లేదంటే 33. నమాజు తర్వాత సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్‌దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు చెప్పుకుంటాం. దాదీ రంజాన్ నెలలో ఇఫ్తారుకు తిన్న ఖర్జూరాల విత్తనాలు పారేయనిచ్చేది కాదు. కడిగి, ఎండబెట్టి, కంసాలి దగ్గర బెజ్జం వేయించి తస్బీహ్ గుచ్చేది. ఆ విత్తనాల నడుమ ఉన్న చారలోకి బొటనవేలు సరిగ్గా కూర్చునేది. ముసలితనంలో ఆమెకూ వేళ్ళు వంగేవి కాదు, అయినా అది మాత్రం జారేది కాదు. మీ అత్తగారికి పొడవాటి పూసలు కూడా ఒకసారి చేతికిచ్చి చూడండక్కా. గుండ్రంగానే ఉండాలని ఏముంది.

మాలో కొందరు పెద్దలు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకోవడమే మేలంటారు. దాదీకి ఆ మాట తెలుసు. వేళ్ళు వంగనప్పుడు ఇదే నా వేళ్ళు అనేది.

వివేక్‌నగర్ విశ్వాసి (వివేక్‌నగర్)

మాది గుంటూరు, కతోలిక కుటుంబం. మేము కూడా జపమాల అనే అంటాం. మా మాలలో 59 పూసలు. మంగళవార్త జపానికి, అంటే పైన చెప్పిన "ఆవే మరియా"కు, 53, పరలోక జపానికి 6. పదేసి పూసల గుత్తులు ఐదు, ప్రతి గుత్తి తర్వాత కాస్త ఎడంగా ఒక పెద్ద పూస. దానివల్ల చీకట్లో కళ్ళు మూసుకున్నా ఎంతవరకు వచ్చామో వేలికే తెలిసిపోతుంది.

హొరమావు అక్కా, ఈ పద్ధతి మీకు పనికొస్తుందేమో ఆలోచించండి. 54 పూసల్లో ప్రతి తొమ్మిదింటికో, పద్దెనిమిదింటికో పూస మార్చండి, కొంచెం పెద్దదో వేరే ఆకారందో. మధ్యలో ఆగిపోయినా ఆవిడ మళ్ళీ మొదటికి రానక్కర్లేదు. ఆ గుర్తుపూస దగ్గర్నుంచి అందుకోవచ్చు.

పూసలే లేకుండా దారం ముళ్ళతో మాల అల్లేవాళ్ళు మా సంఘంలో ఉన్నారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు అవే పంపుతాం. మెత్తగా ఉంటుంది, దిండు కింద పెట్టుకున్నా గుచ్చుకోదు, ఉతకొచ్చు. అక్టోబరు మాకు జపమాల మాసం, ఆ నెలలో చర్చిలో చాలామంది కూర్చుని ఇవే అల్లుతుంటారు. భర్త పోయిన ఒక పెద్దావిడ ప్రతి ముడికీ ఒక మనిషి పేరు తలచుకుని అల్లుతుంది. ఆమె పక్కన కూర్చున్న రోజున నేను ఎక్కువ మాట్లాడను.

పాలమూరు పిల్లగాడు (మారతహళ్ళి)

అక్కా, మా ఊర్ల కంచెల పొంటి గురిగింజలు మస్తు దొరుకుతయ్. ఎర్రగ, నల్ల బొట్టుతోని ఎంత ముద్దుగుంటయో! మా చిన్నప్పుడు వాటితోని ఆడుకునేటోళ్ళం. పండుగకు పోయినప్పుడు ఓ సంచి తెస్త, వాటితో గుచ్చుకోండ్రి. పైసలు కూడా అక్కర లేదు.

ఫిజియో అక్క

తమ్ముడూ, నీ మనసు మంచిది, కానీ గురివింద మాత్రం వద్దు. ఆ గింజలో ఆబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంది. పైపెంకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు లోపలే ఉంటుంది. బెజ్జం వేయగానే ఆ రక్షణ పోతుంది, పొడి చేతికంటుతుంది, గాలిలో లేస్తుంది. నమిలి మింగితే ఒక్క గింజ కూడా ప్రాణం మీదికి తెస్తుంది, విరుగుడు మందు లేదు. ఈ గింజలతో జపమాలలు చేయడం చాలా దేశాల్లో పాత అలవాటే, అందుకే దీన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పిల్లలుంటే అసలే తేవద్దు. సంతల్లో కొన్న ఎర్ర గింజల దండలుంటే వాటినీ పిల్లలకు అందకుండా పెట్టండి.

పాలమూరు పిల్లగాడు

అయ్యో, నిజంగ తెల్వదక్కా. మా అక్క పిల్లల కాడ ఒక దండ ఉన్నది, ఇప్పుడే ఫోన్ చేసి తీసెయ్యమన్న. మరి గింజలతోనే కావాలంటే వేరే ఏమన్న ఉన్నదా?

కర్రపని (పీణ్య)

ఉంది తమ్ముడూ. వైజయంతి గింజలు. గడ్డిజాతి మొక్క, జొన్నకు చుట్టం. గింజ బూడిదరంగులో గట్టిగా మెరుస్తుంది, నడుమ బెజ్జం పుట్టుకతోనే ఉంటుంది. లోపలి కాడ లాగేస్తే దారం నేరుగా దూరిపోతుంది. కుండీలో వేస్తే నీళ్ళు బాగా తాగుతూ ఏపుగా పెరుగుతుంది. పెద్దావిడకు బాల్కనీలో ఒక మొక్క కూడా తోడవుతుంది.

నేను లేత్ మీద చిన్న చిన్న పనులు చేస్తుంటాను. కర్ర పూసలు కావాలంటే మనకు దగ్గర్లోనే చన్నపట్టణ ఉంది, మైసూరు దారిలో, అరవై కిలోమీటర్లు. బొమ్మలు చేసే కొయ్యనే పూసలుగా తిప్పి, తిరుగుతుండగానే రంగు లక్క అద్దుతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి పూసకు పట్టేస్తుంది. మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే అది, ఇక్కడ ఆలె మర అంటారు. తేలిక, చేతికి వెచ్చగా ఉంటుంది. జపానికి మరీ నున్ననైతే లక్క లేని పచ్చి కర్ర పూసలు అడగండి, ఇస్తారు.

మీ అత్తయ్యగారు తులసే కావాలంటే ఇంట్లో ఎండిపోయిన తులసి మొక్క ఉంటే పారేయకండి. మొదలు దగ్గర లావు కాండం నీడలోనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే చీలుతుంది. సన్నటి రంపపు బ్లేడుతో ముక్కలు కోసి, చేతితో తిప్పే చిన్న డ్రిల్లుతో నడిమి మెత్తని భాగంలో బెజ్జం వేసి, 220 నంబరు గరుకు కాగితం, తర్వాత 400తో రుద్దండి. గుండ్రంగా రావు, పీపాల్లా వస్తాయి. కడప చెల్లెలు చెప్పిన పొడవాటి పూసలు ఇలా తయారైపోతాయి. అయితే ఒక్క మొక్కకు లావు ముక్కలు కొన్నే వస్తాయి.

ఎర్రచందనం పూసలు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. శేషాచలం అడవుల్లో ఆ చెట్లకు ఏ గతి పట్టిందో మనందరికీ తెలుసు. మంచిగంధం కావాలంటే ఎం.జి. రోడ్డులో కావేరి ఎంపోరియం ఉంది, ప్రభుత్వానిది.

హొరమావు కోడలు

ఇన్ని విషయాలు, ఇంత ప్రేమగా! అన్నీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఖర్జూరపు విత్తనాల తస్బీహ్ సంగతి రెండుసార్లు చదివించుకున్నారు.

ఊళ్ళో మా మరిదిగారు తులసికోటలోని ఎండు కాండం పంపుతానన్నారు. దాంతో కొన్ని పూసలు, మిగతావి కొన్నవి. రుమటాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

ఇంకో సంగతి, కాస్త సున్నితమైనది. నిన్న ఆవిడ బీరువాలోంచి చిన్న డబ్బా తీశారు. అందులో మామయ్యగారు పోయినప్పుడు తీసేసిన నల్లపూసలు, రెండు పగడాలు, కొన్ని ముత్యాలు. "ఇవి ఇందులో గుచ్చుకోవచ్చా అని ఆ పెద్దాయన్ను అడుగు" అన్నారు. అడిగేటప్పుడు నా వైపు చూడలేదు. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదు, కానీ అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను.

గోదారి గట్టు (ఎలక్ట్రానిక్ సిటీ)

అమ్మా, తప్పుగా అనుకోకండి. మా వైపు మంగళసూత్రానికి సంబంధించినవి మళ్ళీ వాడరు. అమ్మవారి హుండీలో వేస్తారు, లేదా బంగారం కరిగించి మనవరాళ్ళకు చేయిస్తారు. మా అమ్మ కూడా అలాగే చేసింది. చేతిలో తిప్పుతున్న ప్రతిసారీ ఆ దుఃఖమే ముందుకొస్తే జపం ఎలా నిలుస్తుందని నా బాధ.

మల్లేశ్వరం తాతయ్య

గోదారి గట్టు అమ్మాయి చెప్పిన ఆచారం మా ఇళ్ళలోనూ ఉంది, కాదనను. కానీ ఆ పెద్దమ్మగారు అడిగింది జపమాల గురించి, కాబట్టి ఆ గ్రంథమే చూద్దాం. అక్షమాలికోపనిషత్తు మాలకు తగిన వస్తువుల్ని ఈ వరసలో చెబుతుంది: పగడం, ముత్యం, స్ఫటికం, శంఖం, వెండి, బంగారం, చందనం, పుత్రజీవి గింజ, తామర గింజ, రుద్రాక్ష. మొట్టమొదటిది పగడం, రెండోది ముత్యం. ఆవిడ డబ్బాలో ఆ రెండూ ఉన్నాయి. అవి జపానికి తగవని ఎవరూ అనలేరు. నల్లపూసల ప్రస్తావన అందులో లేదు, వాటి సంగతి ఆవిడ మనసుకు వదిలేద్దాం.

దుఃఖం ముందుకొస్తుందని ఆ అమ్మాయి అన్నది నిజమే. వస్తుంది. నా భార్య పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పటికీ సంధ్యావందనానికి కూర్చుంటే ముందు ఆమే గుర్తొస్తుంది. వచ్చిన తలపును తోసేయకుండా నామం దాని పక్కనే నడుస్తూ ఉంటుంది. నాకు అనుభవమైంది చెప్పాను. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు తల్లీ.

గోదారి గట్టు

తాతయ్యగారూ, మీ మాట చదివాక మా అమ్మకు ఫోన్ చేశాను. హుండీలో వేసినందుకు తనకు తృప్తిగానే ఉందంది. ఒంగోలు పెద్దమ్మగారికి ఇష్టమైతే గుచ్చుకోమనండి, ఇక నాకు ఏ అభ్యంతరమూ లేదు.

పూసలపెట్టె

పగడాల గురించి పని మాట చెప్పాలి. మంగళసూత్రంలో వాడే పగడాలకు, ముత్యాలకు బెజ్జాలు చాలా సన్నం. మీ లావు పట్టుదారం వాటిలో దూరదు. బెజ్జం పెద్దది చేద్దామని ఇంట్లో సూది పెట్టి తిప్పకండి, పగడం చిట్లిపోతుంది. సన్నటి పట్టుదారం మీద వాటిని విడిగా గుచ్చి, మేరుపూస కింద కుచ్చు పైన కట్టండి. అలాగైతే జపంలో వేళ్ళ రాపిడి వాటి మీద పడదు.

రెండింటికీ చెమట, నిమ్మరసం, సెంటు పడవు. మెరుపు పోతుంది. జపం అయ్యాక పొడి నూలుగుడ్డతో తుడిచి పెట్టుకోమనండి. సబ్బు వద్దు. తులసి పూసలకు నెలకోసారి కొంచెం నువ్వులనూనె వేలితో రాస్తే పగుళ్ళు రావు.

మిగతా సామాను మామూల్‌పేటలో దొరుకుతుంది. మెట్రోలో చిక్‌పేట స్టేషన్ దగ్గర దిగండి, నడిచిపోవచ్చు. పూసలు, కుచ్చులు, సూదులు, దారాలు అమ్మే సందులు వరసగా ఉంటాయి. పండుగల ముందు కాలు పెట్టలేం, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. స్కేలు వెంట తీసుకెళ్ళి పూస కొలిచి కొనండి. "పది" అని రాసి ఉన్న పొట్లంలో తొమ్మిదివి, పదకొండువి కలిసిపోయి ఉంటాయి. నాలుగైదు ఎక్కువే తీసుకోండి, ఒకటో రెండో బెజ్జం సరిగ్గా లేనివి తగులుతాయి.

ప్రశ్నార్థకం

కొనేటప్పుడు మోసపోకుండా ఏమైనా గుర్తులున్నాయా? రుద్రాక్ష నీళ్ళలో మునిగితే అసలుదని చాలామంది అంటారు.

పూసలపెట్టె

ఆ పరీక్షను నమ్మకండి. బాగా ఎండిన అసలు రుద్రాక్ష తేలవచ్చు, బరువు నింపిన నకిలీ మునుగుతుంది. భూతద్దంతో ముఖాల గీతలు చూడండి. అసలుదాంట్లో గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగుతుంది, చెక్కినదాంట్లో మధ్యలో తెగుతుంది, అంచులు వాడిగా ఉంటాయి. పంచముఖి, అంటే ఐదు గీతలది, అన్నిటికన్నా ఎక్కువగా కాస్తుంది కాబట్టి చవక, అందుకే నకిలీ చేసే అవసరం కూడా తక్కువ. అరుదైన ముఖాల పేరుతో పెద్ద ధర చెప్పినప్పుడే అనుమానించాలి. స్ఫటికమైతే గాజు మీద గీత పెడుతుంది, లోపల గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే అది గాజే.

హొరమావు కోడలు

మామూల్‌పేట వెళ్ళొచ్చాం. అత్తయ్యగారు కూడా వచ్చారు. ఇక్కడికి వచ్చాక తనంతట తాను బయటికి వస్తానన్నది ఇదే మొదటిసారి. దుకాణంలో ఆయన కన్నడం, ఈవిడ ఒంగోలు తెలుగు, ఒక్కో పూసా బొటనవేలి కింద పెట్టి చూస్తూ ఇద్దరూ బేరం చక్కగా నడిపించారు. చివరికి 11 మిల్లీమీటర్ల పచ్చి కర్ర పూసలు తీసుకున్నారు. తులసి ముక్కలు ఆరు వచ్చాయి, ప్రతి తొమ్మిదింటికీ ఒక తులసి పూస గుర్తుగా వేసుకుంటారట.

ఇప్పుడు సగం పైగా అయింది. సూదితో ముడి జరిపే పద్ధతి బాగా కుదిరింది. నిద్ర అద్భుతంగా పట్టేస్తోందని చెప్పను, ఇంకా మధ్యలో మెలకువ వస్తూనే ఉంది. కానీ గుచ్చేటప్పుడు మామయ్యగారి కబుర్లు చెబుతున్నారు. పెళ్ళైన కొత్తలో ఆ పగడాలు ఆయన ఎక్కడ కొన్నారో, ఎంత బేరమాడారో. మా ఆయనకు కూడా తెలియని సంగతులు. నల్లపూసలు మాత్రం డబ్బాలోనే ఉంచేస్తానన్నారు.

ఒక సందేహం మిగిలింది. మాల పట్టుకుని కూర్చుంటే బరువుకు మణికట్టు లాగుతుందేమోనని ఆవిడ భయం. దానికి ఏం చేయాలి?

ఫిజియో అక్క

ఒళ్ళో చిన్న దిండు పెట్టుకుని దాని మీద చేయి ఆనించుకుంటే చాలావరకు లాగదు. లేదంటే మెడలో వేలాడే జపసంచి కుట్టండి. రాజాజినగర్ హరేకృష్ణ గుడికి వెళితే భక్తులు చేయి సంచిలో పెట్టి జపం చేస్తూ కనిపిస్తారు, చూపుడువేలు బయటికి వచ్చేందుకు ఒక రంధ్రం ఉంటుంది. బరువంతా మెడ పట్టీ మీద పడుతుంది. పట్టీ వెడల్పుగా కుట్టండి, సన్నదైతే మెడ దగ్గర కోసుకుంటుంది.

మల్లేశ్వరం తాతయ్య

దాన్నే గోముఖి అంటారు. పాత నూలుచీర ముక్కతో కుట్టు తల్లీ, మెత్తగా ఉంటుంది. కుట్టేది ఆవిడే కుడతానంటే కుట్టనివ్వు.

కడప బిడ్డ

అక్కా, సంచికి కొలతలు కావాలంటే చెప్పండి. నేను టైలరింగ్ చేస్తా, శివాజీనగర్‌లోనే ఉంటా. కాగితం మీద గీసి ఫొటో పెడతా. మీ అత్తగారి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎంతుందో, అరచేయి వెడల్పెంతో కొలిచి రాయండి.

హొరమావు కోడలు

కొలిచాం చెల్లీ. మోచేయి నుంచి మణికట్టు దాకా 23 సెంటీమీటర్లు, అరచేయి వెడల్పు 8. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి లోపల కాస్త చోటు ఎక్కువే ఉంచమన్నారు. గుడ్డ ఆవిడ నీలం నూలుచీరది, సిద్ధంగా ఉంది.